తాళం వేయించుకున్న మనిషి

ముత్యాల బజారులో ఆయన తమ్ముడి దుకాణం ముందు ఆయనకు సంతాపంగా కట్టిన ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. ఎండకు రంగు వెలిసింది. అందులో ఆయన శాలువా కప్పుకుని కెమెరావైపు సూటిగా చూస్తున్నాడు. ఏదో పెళ్లిలో తీసిన ఫొటో అయి ఉంటుంది. ఆయన దేన్నయినా అట్లా నిలబడి సూటిగా చూడడం నేనెప్పుడూ చూడలేదు. చేతికి ఏది వచ్చినా ముందు దాన్ని ఉత్తరం కిటికీ దగ్గరకు తీసుకుపోయేవాడు. వంకాయయినా, మందుల పొట్లమయినా, నేను చదవమని ఇచ్చిన పత్రికయినా అంతే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కొంచెం తిప్పి, "వెల్తుర్ల చూడాలె సారూ. బల్బు కింద అన్ని మంచిగనే కనపడ్తయి" అనేవాడు.

గల్లీ అంతా ఆయనను సేటు అనేది. నేనూ అట్లాగే పిలిచాను. చార్మినార్ వెనక గల్లీల్లో ఒక పాత ఇల్లు ఆయనది. దాని మేడమీద గదిలో నేను కిరాయిదారును. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒక్కణ్ణే కాబట్టి గది మారవలసిన అవసరం రాలేదు. ఫ్లెక్సీ మీద 'ప్రముఖ ముత్యాల వ్యాపారి' అని రాశారు. నిజమే కావచ్చు. నాకు దగ్గరగా తెలిసిన మనిషి మాత్రం అప్పటికే వ్యాపారం మానేసినవాడు. భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంట్లో ఇంటర్నెట్‌కు ఏ డీఎన్ఎస్ పెట్టుకోవాలా అని రోజుల తరబడి ఆలోచించినవాడు.

ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది. 'వద్దు.' అన్నం ముద్ద నోటి దగ్గరకు తెస్తే వద్దు. మాత్ర వద్దు. ఫ్యాను వేసినా వద్దు, ఆపినా వద్దు. ఆ మాట దానంతటదే వస్తుందని, ప్రతిసారీ పట్టించుకోనక్కర లేదని డాక్టరు చెప్పాడట. కొన్నాళ్లకు ఆ ఇంట్లో ఆమె 'వద్దు'కు విలువ పోయింది. వద్దంటూ ఉండగానే ముద్ద పెట్టేవారు, వద్దంటూ ఉండగానే దుప్పటి కప్పేవారు.

దుకాణం తమ్ముడికి అప్పజెప్పి సేటు ఇంట్లో కూర్చున్నాడు. తమ్ముడు జల్‌పల్లి వైపు కొత్త కాలనీలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున్నే స్కూటరు మీద బజారుకు వచ్చి, పోయేటప్పుడు వదినెను ఓసారి చూసి పోయేవాడు. సేటు పాలకు తప్ప గడప దాటేవాడు కాదు. ఆ ఇంటికి గల్లీలోకి ఒకటే తలుపు. గోడలు ఎంత మందమంటే లోపలి గదిలో సెల్‌ఫోనుకు సిగ్నలు ఉండదు. మాట్లాడాలంటే మేడెక్కాలి, లేదా గల్లీలోకి పోవాలి. ఆమెను వదిలి ఆయన రెండూ చేయలేడు. అందుకని ఇంటర్నెట్ వైరు లాగించాడు. ఆ వైరు వచ్చి కలిసే రూటరు డబ్బా ఆమె గది గోడకే ఉండేది. దాని మీదే మేడమీద నాకూ ఇంటర్నెట్ నడిచేది.

దుకాణంలో ఉన్నన్నాళ్లు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ బార్కస్ బస్తీ నుంచి ఒక దోస్తు వచ్చేవాడట. ఇద్దరూ అరుగు మీద చదరంగం, వాళ్ల మాటల్లో శత్రంజ్, ఆడేవాళ్లట. ఇంటికి కూడా కొన్నిసార్లు వచ్చాడు. మనిషి మంచంలో ఉన్న ఇంట్లో కూర్చుని ఆడుకోవడం ఆ దోస్తుకే ఇబ్బందయింది. రావడం తగ్గించి, తర్వాత మానేశాడు. అప్పుడు సేటు ట్యాబులో ఆడడం మొదలుపెట్టాడు. అవతల ఏ దేశంవాడు దొరికితే వాడితో.

ఆ రోజుల్లో నేను మెట్లు దిగుతుంటే ఆయనకు చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఉండేది.

"సారూ, ఇయ్యాల పోలండోడు దొరికిండు."

"గెలిచిన్రా?"

"గెలుసుడా? వాని గుర్రం వచ్చి నా ఇంట్ల కాపురం పెట్టింది. ఎంత ఎల్లగొట్టినా పోదు."

ఓడిపోయినప్పుడే ఎక్కువ సంతోషంగా చెప్పేవాడు. తన గుట్టు కనిపెట్టగలిగినవాడు ఎక్కడో ఉన్నాడని తెలియడం ఆయనకు బాగుండేదనుకుంటాను.

మా గల్లీ చివర వరక్ కొట్టేవాళ్లు ఉన్నారు. మిఠాయిల మీద అంటించే వెండి రేకును తోలు పొరల మధ్య పెట్టి సుత్తెతో పొద్దంతా కొడతారు. అక్కడ ఉండేవాళ్లకు అలవాటయి ఆ చప్పుడు వినపడదు. ఒక మధ్యాహ్నం సేటు వాకిట్లో కూర్చుని ఆడుతున్నాడు. లోపల ఆమె నీళ్ల గ్లాసు అందుకోబోయి మంచం మీంచి జారి కింద పడింది. ఎడమచేతి గాజులతో మంచం కోడును కొట్టింది. సేటు ఆ చప్పుడు విన్నాడు. వరక్ వాళ్లదనుకున్నాడు. ఆట అయ్యాక లోపలికి పోతే ఆమె నేల మీద ఉంది. గాజులు పగిలి మణికట్టు గీరుకుపోయింది.

ఆ సాయంత్రం ఆయన మేడమీదకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను విన్న సారూ. విన్లే అంటె పాపం పోదు. విని గూడ ఆడిన."

"మీకు తెల్వక జరిగింది సేటూ."

"తెల్వక అనుకుంటె రేపు మల్ల జరుగుతది."

ట్యాబులోంచి ఆట తీసేశాడు. రెండు రోజులకు మళ్లీ ఎక్కించుకున్నాడు. మళ్లీ తీశాడు. ట్యాబు ఎవరికన్నా ఇచ్చేద్దామంటే డాక్టరు అందులోనే కనపడి మాట్లాడేవాడు, ఆమె వినే పాటలూ అందులోనే వచ్చేవి. "తీసెయ్యబట్టె, ఎక్కియ్యబట్టె. చెయ్యి నాదే కద, ఎవలు పట్టుకోవాలె" అన్నాడు నాతో.

ఇంటర్నెట్ రిపేరుకు వచ్చిన మనిషిని అడిగితే డీఎన్ఎస్ మార్చుకుంటే ఇంటి మొత్తానికీ ఒక సైటు రాకుండా చేయవచ్చని చెప్పాడు. సేటుకు ఆ మూడక్షరాలు పట్టుబడడానికి ఒక పూట పట్టింది. పట్టుబడ్డాక నాకు ఆయనే వివరించాడు.

"మన గల్లీకి ఎవలన్నా కొత్తోళ్లు వస్తె ఏం చేస్తరు? మూల మీద పాన్ డబ్బా కాడ ఆగి ఫలానా సేటు ఇల్లెక్కడ అని అడుగుతరు. అడిగితెనే గద ఇల్లు దొరుకుతది. నెట్టుల గూడ గట్లనే సారూ. పేరు చెప్తె నంబరు చెప్పేటోడు ఒకడుంటడు. ఆ చెప్పేటోనికి నువ్వు ముందుగాల చెప్పిపెట్టినవనుకో, ఫలానా పేరు అడిగితె నాకు తెల్వదనమని, ఇగ ఆ ఇల్లు దొరకది."

"ఇల్లు అక్కడనే ఉంటది కద?"

"ఉంటది. ఉండనియ్యి. నాకు తొవ్వ తెల్వద్దు, అంతే."

కంపెనీ ఇచ్చిన పాన్ డబ్బాయే పెట్టుకోనక్కరలేదని, వేరేవాళ్లను ఎంచుకోవచ్చని తెలిశాక ఆయనకు పాత హుషారు వచ్చింది. సరుకు ఎంచడం ఆయన పని. ముత్యాలను ముందు జల్లెడ పడతారు. చిన్న చిల్లులది, పెద్ద చిల్లులది వరసగా. ఆ తర్వాత తెల్లగుడ్డ మీద పోసి పగటి వెలుతురులో కంటితో ఏరుతారు. డీఎన్ఎస్‌లనూ అట్లాగే చూశాడు. ఒకదాన్ని పెట్టి కొన్నాళ్లు వాడేవాడు, తీసి ఇంకొకటి పెట్టేవాడు. మేడమీద నాకేమన్నా ఆగిపోయిందా అని కిందినుంచి కేక వేసి కనుక్కునేవాడు. ఒకదాని గురించి, "ఇది మస్తు ఉరుకుతది, కని ఎవ్వల్ని ఆపది" అన్నాడు. ఇంకొకటి కుటుంబాల కోసమని చెప్పుకునేది. "ఇది గలీజువన్ని ఆపుతది. శత్రంజ్‌ను మాత్రం మంచి పిల్లలాట అని ఇడిసిపెడుతది. దానికేం తెల్సు నా సంగతి."

చివరికి ఒకటి నచ్చింది. ఏ పేర్లు ఆపాలో మనమే రాసుకోవచ్చు. దానికొక ఖాతా, ఒక పాస్‌వర్డు. అయితే అందులో ఇంకొక సంగతి ఉంది. ఇంట్లో ఎవరు ఏ సైటు పేరు అడిగారో అంతా రాసిపెట్టి చూపిస్తుంది. దాన్ని ఆయన వెంటనే ఆపించాడు.

"మేడమీద మీరేం చూస్తున్నరో నాకెందుకు సారూ? కిరాయిదారు గుట్టు తెల్సుకునే ఓనరు ఓనరేనా? నన్ను ఆపుకునుడే నాకు కావాలె. మందిని చూసుడు కాదు."

ఖాతా నా పేరు మీద తెరిపించాడు. పాస్‌వర్డు నేను కొడుతుంటే లేచి కిటికీ దగ్గరకు పోయి గల్లీవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట కూడా వచ్చిన రిపేరు మనిషి, ట్యాబు వరకే వేరే డీఎన్ఎస్ పెట్టుకునే దారి కూడా ఉందని ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. "అది నాకు చెప్పకు భాయ్. తెల్సుకున్ననంటె ఆగను."

ఇటు తిరిగి నాతో అన్నాడు. "రేపు నేనే వచ్చి నోటితోని అడిగినా ఇయ్యొద్దు. బతిమాలినా ఇయ్యొద్దు. మాటియ్యుండ్రి."

ఇచ్చాను.

మొదట్లో ఆ తాళం సరిగ్గా పడలేదు. మూసిన ఆట ఒక్కోసారి తెరుచుకునేది. అట్లా తెరుచుకున్న మొదటిరోజు ఆయన చప్పుడు చేయకుండా ఆడుకోవచ్చు. నాకు తెలిసే అవకాశం లేదు. వాకిట్లోంచి కేక వేశాడు.

"సారూ, తెరుచుకున్నది. జర వచ్చి మూసిపోండ్రి."

నేను దిగేసరికి ట్యాబును స్టూలు మీద బోర్లించి, దూరంగా నిలబడి ఉన్నాడు. ఖాతాలో చూస్తే అంతా సరిగ్గానే ఉంది. రెండు మూడు సార్లు ఇట్లాగే అయ్యాక నేను కూర్చుని ఆ డబ్బా సెట్టింగులు చదివాను. డీఎన్ఎస్ రాయడానికి అందులో రెండు గళ్లుంటాయి. మొదటి దాంట్లో కొత్తది రాసి, రెండోదాంట్లో కంపెనీ పాతదాన్ని రాశాడాయన. మొదటిది ఆలస్యం చేసినప్పుడల్లా డబ్బా రెండోదాన్ని అడుగుతోంది. దానికి ఎవరూ ఏమీ చెప్పిపెట్టలేదు కాబట్టి అడ్రసు చెప్పేస్తోంది.

"పాతది ఎందుకు రాసిన్రు సేటూ?"

"ఒక్క దలాలిని నమ్ముకుని బజార్ల ఎవలన్న కూసుంటరా? వానికి జరమొస్తె నా బేరం ఆగుతది. ఎన్నడన్న ఇద్దరుండాలె."

"ఆ రెండో దలాలే మీకు తొవ్వ చెప్తున్నడు."

ఆయన కాసేపు చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. లోపలి గది వరకు వినపడేట్టు నవ్వాడు. "దేవుడు పరీక్ష పెడుతున్నడనుకున్న. నా అలవాటే నన్ను పట్టిచ్చిందా" అన్నాడు. రెండో గడిలో కూడా కొత్తవాళ్లదే పెట్టాము. ఆ తర్వాత తెరుచుకోలేదు.

ఆ ఇంట్లో పొద్దు గడవడం అప్పటినుంచే కష్టమయింది. ఆయన స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చునేవాడు. ఖాళీ వేళ్లను ముత్యం తిప్పినట్టు తిప్పుతూ ఆమెనే చూసేవాడు. ఆమె కాలు కదిపితే లేచేవాడు. మేడమీదకు నాకు ఆయన గొంతు వచ్చేది. "నీళ్లా?" "వద్దు." "దిండు జరుపాల్నా?" "వద్దు." "మరేంది, నడుమా?" "వద్దు." మధ్యాహ్నం పడుకుందామంటే అదే, లేస్తే అదే. గొంతులో కోపం ఉండేది కాదు. ఉంటే బాగుండేదని నాకు అనిపించేది.

నేను రోజూ కిందికి దిగి ఆమెకు పేపరు చదివి వినిపించేవాణ్ణి. నేను చదువుతున్నంతసేపు ఆమె కళ్లు తెరిచి పైకప్పును చూసేది. ఆయన వంగి మొహంలోకి చూడగానే కళ్లు మూసుకునేది. నిద్ర అనుకున్నాము, ఆయనా నేనూ.

ఒకరోజు పేపరు మడుస్తుంటే ఆయన జేబులోంచి రుమాలు తీసి నా చేతి మీద కప్పాడు. దాని కిందికి తన చెయ్యి పోనిచ్చి నా వేళ్లు నాలుగు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"ఏంది సేటూ?"

"మాట్లాడొద్దు. బేరంల మాట్లాడరు."

ముత్యాలవాళ్లు నలుగురిలో ధర పైకి చెప్పరు. రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఒక వేలు ఒకటి, మొత్తం చెయ్యి అయిదు. పక్కన నిలబడ్డవాళ్లకు ఇద్దరి మొహాలే కనపడతాయి. ఇదంతా ఆయన ఎప్పుడో నాకు చెప్పినదే. ఆయన వేలు ఒకటికి పావుగంట చొప్పున లెక్క కట్టాడని నాకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. గంటసేపు ఆట తెరవమంటున్నాడు.

నేను ఒక వేలు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మూడు పట్టాడు. నేను ఒకటే పట్టాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. పాత వ్యాపారి. చివరికి రెండు దగ్గర తెగింది.

"నోటితోని అడిగితె ఇయ్యొద్దన్న," అన్నాడు రుమాలు మడుచుకుంటూ. "అడగలే కద?"

ఆ అరగంట నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆయన వాకిట్లోకి పోయాడు. తర్వాత అది అలవాటయింది. రోజూ కాదు, ఎప్పుడన్నా. అడిగే రోజు ఆయన పొద్దుటినుంచే రుమాలు భుజం మీద వేసుకుని తిరిగేవాడు. అది చూసి నాకు నవ్వు వచ్చేది. ఆట ముగించి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి. గుమ్మంలోనే ఆమె ఊపిరి చూసుకుని, మళ్లీ స్టూలు మీద కూర్చునేవాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఎప్పటిలాగే నా చేతి మీద రుమాలు పరిచాడు. మూడు వేళ్లు పట్టాడు. నేను ఒకటి పట్టాను. ఇద్దరం మంచానికి ఇవతలి పక్కనే ఉన్నాం. ఆమె ఎడమచెయ్యి వచ్చి రుమాలు అంచు పట్టి లాగింది. సేటు చెయ్యి వదిలేశాడు. రుమాలు కింద ఆమె నా చెయ్యి దొరకబుచ్చుకుని అయిదు వేళ్లూ కలిపి పట్టింది. అంత బలం ఆమెలో ఉందని నేను అనుకోలేదు. పట్టి వదలలేదు.

ఆమె పుట్టిల్లు కూడా ముత్యాలదే. తండ్రి దలాలి. ఆ సంగతి నాకు తెలుసు కానీ, ఆ క్షణం వరకు గుర్తు లేదు.

సేటుకు రుమాలు తప్ప ఏమీ కనపడలేదు. "ఎంతంటున్నది?" అని అడిగాడు. గొంతు తగ్గింది.

"మొత్తం చెయ్యి పట్టింది."

"మొత్తమా?"

"అయిదు వేళ్లూ. ఇడుస్తలేదు."

ఆయన ఆమె మొహం చూశాడు. ఆమె ఈసారి కళ్లు మూసుకోలేదు, ఆయన్నే చూసింది. ఆయనే చూపు తిప్పుకుని కిటికీ దగ్గరకు పోయాడు. చేతిలో ఏమీ లేదు. అక్కడ నిలబడి వేళ్లు చూసుకున్నాడు.

"నేను ఊకె చూస్తుంటె ఊపిరాడ్తలేదా నీకు?" అన్నాడు, ఇటు తిరగకుండానే.

ఆమె ఏమీ అనలేదు. వద్దు కూడా అనలేదు.

తర్వాత నాతో అన్నాడు. "బేరంల ఈమె ముందట నేనెన్నడన్న గెలిచిన్నా సారూ. పెండ్లినాడు గూడ గెల్వలే."

ఆ సాయంత్రమే నన్ను పిలిచి తాళం తీసేయమన్నాడు. ఈసారి నోటితోనే అడిగాడు. మాట గుర్తుచేస్తే, "మాట నాది. నేనే ఎనుకకు తీసుకుంటున్న" అన్నాడు. ఆట పేరు ఖాతాలోంచి తీశాను. అయినా వెంటనే తెరుచుకోలేదు. ట్యాబు పాత జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటుందని చెప్పాను. "నా లెక్కనే. జల్ది మర్వది" అన్నాడు.

పక్క గల్లీలోని ఒక ఆమెను ఆయాగా కుదిర్చాడు. మంచం కోడుకు ఒక ఇత్తడి గంట కట్టాడు, ఆమె ఎడమచేతికి అందేట్టు. వరక్ సుత్తె చప్పుడులో కలవని మోతను ఏరుకోవడానికి బజారంతా తిరిగి గంటలన్నీ వాయించి చూశాడట. స్టూలు వాకిట్లోకి తెచ్చుకున్నాడు. మళ్లీ పోలండువాళ్లు, బ్రెజిలువాళ్లు వచ్చారు. ఆయన అనుకున్నంత ఎక్కువగా ఆడలేదు. ట్యాబు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్న పొద్దులే ఎక్కువ. ఒకరోజు బార్కస్ పోయి దోస్తును చూసి వచ్చాడు. సంచినిండా జామపండ్లు తెచ్చి, ఒక్కొక్కటే కిటికీ దగ్గర తిప్పి చూసి, మంచిది ఏరి ఆమెకు ముక్కలు కోసి ఇచ్చాడు. ఆమె వద్దంది. ఆయన పళ్లెం అక్కడ పెట్టి బయటికి వచ్చేశాడు. కాసేపటికి చూస్తే పళ్లెం ఖాళీ.

నాకు తెలిసి అవే ఆ ఇద్దరికీ బాగున్న రోజులు. ఎక్కువ కాలం లేవు. చలికాలంలో ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి పోయిన మనిషి తిరిగి రాలేదు.

పదకొండోనాడు అయిపోయాక తమ్ముడు ఒక కెమెరా తెచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. "వదినె ఒక్కతే ఉంటది. ఆయా ఏం చేస్తదో ఏం చెయ్యదో. నేనేమో జల్‌పల్లిల, లేకుంటె దుకాణంల. గిదుంటె నాకు ఫికర్ ఉండదు సార్" అన్నాడు. మంచానికి ఎదురుగా గోడకు బిగించాడు. సేటు వేయించిన ఇంటర్నెట్ మీదే అది నడుస్తుంది. అతను ఫోనులో చూస్తూ అది ఎటు కావాలంటే అటు తిప్పగలడు, అందులోంచి మాట్లాడగలడు కూడా.

మరునాడు నేను పేపరు చదువుతుంటే గోడమీంచి మాట వచ్చింది.

"వదినే, గట్ల గోడదిక్కు తిరిగినవేంది? నడుము నొస్తుందా?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె ఉలిక్కిపడలేదు. అప్పటికే అలవాటయినట్టుంది.

"వద్దు," అంది గోడవైపే తిరిగి.

"ఆయమ్మా, జర ఇటు మలుపు మా వదినెను. మొకం కనపడ్తలేదు."

ఆయా తిప్పింది. ఒకసారి ఆయాకే జాలేసి కెమెరా మీద తువ్వాల కప్పింది. నిమిషంలో మాట వచ్చింది. "గుడ్డ తియ్యమ్మా. ఏమన్న దాస్తున్నవా?" ఆయా తువ్వాల తీసి, నా మొహం చూసి, "నా నౌకరి పోతది సారూ" అంది మెల్లగా.

ఆమె మళ్లీ కళ్లు మూసుకుని ఉండడం మొదలుపెట్టింది. నేను పేపరు చదువుతున్నా తెరవడం లేదు.

ఖాతా ఇంకా నా దగ్గరే ఉంది. అందులో ఏ పేరయినా రాయవచ్చు. కెమెరా వచ్చిన అట్టపెట్టె కూడా అక్కడే, అల్మారా మీద ఉంది. కానీ అది నా ఇల్లు కాదు, ఆమె నాకేమీ కాదు. రెండు రోజులు ఊరుకున్నాను. మూడోరోజు దుకాణంలో గిరాకీ ఉండి తమ్ముడు ఫోను చూడని వేళ చూసి ఆమె దగ్గర కూర్చున్నాను. ఆయా పక్కనే ఉంది.

"పెద్దమ్మా, ఈ కెమెరా ఉంచాల్నా?"

"వద్దు."

"తీసెయ్యాల్నా?"

ఆమె మాట్లాడలేదు. నేను కొంచెం ఆగి తిప్పి అడిగాను. తీసెయ్యాల్నా అంటే ఊరుకుంది. ఉంచాల్నా అంటే వద్దంది. వేరే మాటలు మధ్యలో పెట్టి అడిగాను. నీళ్లు, దిండు, ఫ్యాను. అన్నిటికీ వద్దే. మళ్లీ కెమెరా తీసెయ్యాల్నా అన్నాను. కళ్లు తెరిచి నన్ను చూసింది. ఏమీ అనలేదు.

అట్టపెట్టె మీదున్న కంపెనీ సైటు పేరు చూసి, ఆపాల్సిన పేర్లలో రాశాను. డబ్బాను ఓసారి ఆపి మళ్లీ వేశాను. కెమెరా మీద నీలం లైటు కొంతసేపు వెలిగి, ఎర్రబడి, కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరిని అడగాలో తెలియక అడుగుతూనే ఉంది.

తమ్ముడు ఫోను చేసేసరికి నేను మేడమీదున్నాను.

"సార్, మీకు నెట్ వస్తుందా?"

"వస్తుంది."

"మరి నాకు కెమెరా వస్తలేదు. వైరేమన్న ఊడిందా?"

"ఊడలేదు. నేనే ఆపిన."

ఫోనులో అతని వెనకనుంచి బజారు లొల్లి వినపడుతోంది.

"ఎవర్ని అడిగి ఆపిన్రు సార్?"

"మీ వదినెను అడిగి."

"గామె ఏం చెప్తది సార్? గామెకు ఒక్కటే మాట. అన్నిటికి వద్దే అంటది."

"ఉంచాల్నా అని అడిగిన, వద్దన్నది. తీసెయ్యాల్నా అని గూడ అడిగిన. ఎన్నిసార్లు అడిగినా దానికి మాత్రం వద్దనలే."

అతనికి కోపం వస్తుందనుకున్నాను. వచ్చినట్టే ఉంది కానీ గొంతులోకి రాలేదు. అన్న పోయినప్పటినుంచి అతని గొంతు కూడా సేటు గొంతులాగా ఉంటోందని అప్పుడు గమనించాను.

"నాకు పరేషాన్ అయితది సార్, గామె గట్ల ఒక్కతే ఉంటె," అన్నాడు. "పోనీ మీరన్న అప్పుడప్పుడు దిగి జర చూస్తుంటరా?"

"ఆమెను అడిగి చెప్తా," అన్నాను.